వరహాలరావు ముగించని నవల

వరహాలరావుకి ఒక జబ్బుంది. నవల రాసి, కింద ‘సమాప్తం’ అని పెట్టి, ఇంకు ఆరేలోగా ఆ కాగితాల కట్టని కాఫీ గింజల బస్తాలో కుక్కేస్తాడు. అందులోంచే ఒక పాత నవల బయటికి లాగి, మళ్లీ దాని మీద పడతాడు. ఇలా రెండు కొత్త నవలలు బస్తా పాలయ్యాయి. పాతది మాత్రం పదేళ్లుగా నడుస్తూనే ఉంది.

అరకులో రైతుల దగ్గర కాఫీ కొనే డిపోలో ఆయన గుమస్తా. గింజల్లో తేమ చూసి, ఆరనివాటిని వెనక్కి పంపడం పని. ఆ పని బుర్రకెక్కి సాహిత్యంలోకి కూడా దిగింది. ఎవరైనా తన రాత చదువుతామంటే, "పద్నాలుగు శాతం తేముందండీ, ఆరాలి" అంటాడు. ఒకసారి ఎవరో పెళ్లి శుభలేఖ రాసిమ్మంటే రాసి, దాన్నీ బస్తాలో పెట్టాడు. తీసేసరికి పెళ్లికూతురికి నెలలు నిండుతున్నాయి.

ఈ జబ్బుకి బలైంది నిర్మల. స్టేషన్ రోడ్డులో జిరాక్సు కొట్టు నడుపుకునే మనిషి. బాబాయ్ అని పిలిచిన పాపానికి, కొట్టివేతలతో ఆయనకే అర్థంకాని ఆ పాత నవలని ఆరేళ్లలో నాలుగుసార్లు టైపు చేసింది. ఎవరికీ చూపించనని ఒట్టు కూడా వేయించుకున్నాడు. మొదటిసారి కథానాయిక కాఫీ తోట వేసింది. రెండోసారి రైలెక్కింది. మూడోసారి దిగింది. నాలుగోసారి, ఎందుకు దిగానా అని స్టేషన్లో కూర్చుని ముప్పై పేజీలు ఆలోచించింది.

మొన్న డిసెంబరులో ఓ బుధవారం, మూడో కొత్త నవల చిత్తుప్రతి పూర్తయిందని ఫోను చేశాడు. నిర్మల కొట్టు మూసేసి, కోవా కొనుక్కుని డిపోకి పరుగెత్తింది. నాలుగొందల పన్నెండు పేజీలు! చివర సమాప్తం! ఆవిడ కళ్లారా చూస్తుండగానే వరహాలరావు ఆ కట్టని తాడుతో బిగించి, బస్తా మూతి విప్పాడు.

"బాబాయ్! ఏటి సేత్తన్నావు?"

"ఆరబెడతన్నాను."

"ఇప్పుడే కదా రాసినావు! ఒక్కపాలి సదవనీ!"

"పచ్చి గింజ నమిలితే ఏటొస్తాదే గుంటా? పంటి నొప్పి." అని పాతది లాగి దుమ్ము దులిపాడు.

కోవా ముక్క నిర్మల నోట్లో అలాగే ఉండిపోయింది. అది మింగాక అసలు సంగతి కక్కేసింది. ఒట్టు గట్టున పెట్టి, ఆ పాత నవలని ఇదివరకే విజయనగరంలో ఒక ప్రచురణకర్తకి పంపింది. ఆయనకి నచ్చింది. సోమవారానికల్లా ముగింపు పంపితే అచ్చు వేస్తానన్నాడు, లేదంటే ఇంకెవరిదో వేసుకుంటానన్నాడు.

వరహాలరావు పాత కట్టని ఒళ్లోకి లాక్కున్నాడు. "ముగింపా? కుదరదు."

"ఒక్క అధ్యాయం బాబాయ్!"

"కుదరదంటే కుదరదు. తేముంది."

"పదేళ్లలో చాపరాయి వాగు నీళ్లైనా ఆరిపోతాయి కదా!"

శుక్రవారం సంత. ఆధార్ కార్డుల జిరాక్సులతో ఊపిరాడని రోజు. ఆరేళ్లలో నిర్మల శుక్రవారం కొట్టు వదిలి కదిలింది లేదు. ఆవేళ వదిలింది. ఆ పాత కట్ట లాక్కుని, ముగింపు తనే రాసి పారేద్దామని డిపోలోకి దూసుకెళ్లి, గుమ్మంలోనే ఆగిపోయింది.

బస్తాల మీద ఈశ్వరమ్మ కూర్చునుంది. పై ఊరి నుంచి గింజలు తెచ్చే అరవై ఏళ్ల కాఫీ రైతు. ఎదురుగా నిలబడి వరహాలరావు ఆ పాత నవలే చదువుతున్నాడు. గొంతులు మారుస్తున్నాడు, చేతులు తిప్పుతున్నాడు, మధ్యలో రైలు కూత కూడా వేస్తున్నాడు. నిర్మల ఆయన్ని చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

"ఆవిడకైతే తేమ అడ్డు రాదేటి?"

వరహాలరావు నసిగాడు, గొణిగాడు, చివరికి చెప్పాడు. పదేళ్ల కిందట ఈశ్వరమ్మకి విశాఖపట్నంలో పెద్ద ఆపరేషన్ అన్నారు. వెళ్తే తిరిగి రానని భయపడి ఇల్లు కదలనంది. వాళ్లింట్లో ఒక పట్టింపు ఉంది. సగం కథ విని వెళ్లినవాళ్లు మిగతాది వినడానికి తిరిగొచ్చి తీరాలి. వరహాలరావు అప్పటికప్పుడు ఒక కథ మొదలుపెట్టి, సగంలో ఆపాడు. ఆవిడ వెళ్లింది, ఆపరేషన్ చేయించుకుంది, వచ్చి "తరవాతేటి?" అంది. ఆర్నెల్లకోసారి పరీక్షలకి వెళ్లాలి కాబట్టి ఆ కథ అవ్వకూడదు. ముగింపు దగ్గరపడిందంటే చాలు, వెంటనే ఇంకో నవల ఎత్తుకునేవాడు. అది రాస్తున్నన్నాళ్లూ, ప్రతి శుక్రవారం సంతకొచ్చే ఆవిడకి పాతదే మొదట్నుంచీ చదివి వినిపించేవాడు.

"ఇప్పుడు ముగించేస్తే, ఆవిడ..." అన్నాడు వరహాలరావు.

ఇన్నాళ్లూ ఈ మనిషినా పిచ్చోడనుకుంది నిర్మల! అచ్చూ వద్దు, ఏమీ వద్దు అని ప్రచురణకర్తకి చెప్పేద్దామని ఫోను తీసింది.

"ఉండమ్మా," అంది గుమ్మంలోంచి ఈశ్వరమ్మ. అంతా విన్నట్టుంది. "నాకు పూర్తిగా బాగైపోనాదని డాట్రు ఎప్పుడో సెప్పీసినాడు. ఇంక రావద్దన్నాడు. నాలుగేళ్లయినాది."

"మరి ఆర్నెల్లకోపాలి విశాఖపట్నం ఎందుకెళ్తన్నావు?" అన్నాడు వరహాలరావు.

"మా సెల్లెలు ఉంది కదా. ఓ సినిమా సూసి వస్తన్నాను."

"మరి శుక్రారం శుక్రారం ఈ కథకి?" అంది నిర్మల.

"కథకా? ఆ గుంట రైలు దిగిన కాడి నుంచీ నాకు ఒకటే నిద్దర. ఇన్నిపాల్లు ఎవులింటారమ్మా? నాను రాకపోతే ఈ బాబు బెంగెట్టుకుంటాడని వస్తన్నాను."

వరహాలరావు లోపలికొచ్చి బస్తా మీద కూలబడ్డాడు. నిర్మల కంగారుగా నీళ్ల సీసా అందించింది. ఆయన నీళ్లు తీసుకోలేదు, చెవి మీది పెన్సిల్ తీశాడు.

"రైలు దిగిన కాడి నుంచా? అవి రెండొందల పేజీలు ఈశ్వరమ్మా!"

"అయితే ఏటి? కొట్టీ బాబూ."

ఆయన ఒక్కో పేజీ ఎత్తుకోవడం, ఆవిడ "కొట్టీ" అనడం, ఆయన అడ్డంగా గీత కొట్టడం. మధ్యాహ్నానికల్లా రెండొందలకి పదకొండు పేజీలు మిగిలాయి. ముగింపు ఈశ్వరమ్మ చెప్పింది చెప్పినట్టు రాశాడు. నిర్మల అక్కడే గింజల మీద కూర్చుని, ఫోనులో టైపు చేసి విజయనగరానికి పంపించేసింది. వరహాలరావు ముక్కు చీదుకుని, పదేళ్లకి ఆ నవల కింద ‘స’ అని మొదలుపెట్టాడో లేదో, ఈశ్వరమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"అది నిమ్మళంగా రాద్దువు గానీ, ముందు ఇది సెప్పు. వచ్చే శుక్రారం నాకేటి సదువుతావు?"