చింతపండు నీళ్ళలో తూటా డొప్పలు

మా ల్యాబులో మూత బిగించే పెద్ద గాజుజాడీ ఒకటి ఉంది. ఫ్యాక్టరీలో తయారయ్యే ఇత్తడి వాల్వుల్లో ప్రతి బ్యాచి నుంచీ కొన్నింటిని ఏరి, శుభ్రంగా కడిగి, ఆ జాడీలో దారంతో వేలాడదీస్తాం. అడుగున కొద్దిగా అమ్మోనియా ద్రావణం పోసి మూత పెట్టి, మర్నాడు బయటికి తీసి భూతద్దం కింద చూస్తాం. తయారీలో ఎక్కడైనా లోపల ఒత్తిడి మిగిలిపోయిన వాల్వు ఆ ఆవిరికి ఆగలేక వెంట్రుకంత పగులు చూపిస్తుంది. మొన్న కొత్తగా చేరిన అమ్మాయి నేను మూత తీయగానే ఆ ఘాటుకి నాలుగడుగులు వెనక్కి వేసి, "ఈ పరీక్ష ఎవరు కనిపెట్టారు సార్?" అని అడిగింది. పుస్తకంలో ఉన్న జవాబు చెప్పాను. నోటిదాకా వచ్చిన జవాబు వేరే ఉంది. "మా అత్త గేదెలు" అనబోయి ఆగాను.

మా మేనత్తది దుర్గి దాటాక, నల్లమల మొదలయ్యే అంచున ఉన్న ఊరు. మాచర్ల నుంచి బస్సులో వెళుతుంటే దుర్గిలో రాయి చెక్కే ఉలుల చప్పుడు కిటికీలోంచి వినపడేది. అది వెనకబడ్డాక ఇంకాసేపటికి అత్త ఊరు. ఆమె చేనుకీ అడవికీ మధ్య అడ్డం ఒక వాగు మాత్రమే, అదీ ఏడాదిలో సగం రోజులు ఎండే ఉంటుంది. ఆ వాగు దాటి అడవి పందులు వస్తాయి. మొక్కజొన్న కంకి పాలు పోసుకునే రోజుల్లో ఒక్క మంద ఒక్క పూట దిగితే తినేది కొంతే, తొక్కేది అంతకు నాలుగింతలు. మామయ్య బతికుండగా ఆయన దగ్గర పంట కాపలాకని లైసెన్సు తీసుకున్న ఒంటిగొట్టం తుపాకీ ఉండేది. ఆయన ఎన్నడూ పందిని కొట్టలేదు. "చంపితే కోర్టు, బెదిరిస్తే పంట" అనేవాడు. నరసరావుపేటలో ఒక సాయిబు గారి తుపాకుల కొట్టు ఉండేది. పేలిన తూటాల ఇత్తడి డొప్పలు శుభ్రం చేసి తీసుకెళితే, ఆయన తన కొట్టు లైసెన్సు మీద వాటిలో సీసపు గుళ్ళు లేకుండా మందు మాత్రం దట్టించి ఇచ్చేవాడు. పేలిస్తే చప్పుడు తప్ప ఏమీ రాదు. ఆ చప్పుడుకే పందులు పొదలు విరుచుకుంటూ వాగు దాటి పోయేవి. పేలిన డొప్పని మళ్ళీ కడగడం, మళ్ళీ నింపించడం. ఒక్కోటి బొటనవేలంత లావు, మధ్యవేలంత పొడుగు. తోమితే దీపపు కుందిలాగే మెరిసేది.

మామయ్య పోయాక అత్త ఆ లైసెన్సుని తన పేరు మీదికి మార్పించుకోవడానికి ఆఫీసుల చుట్టూ తిరిగింది. గుమాస్తా ఒకాయన "తుపాకీ మీరేం చేసుకుంటారమ్మా?" అంటే, "కారం దంచుకోటానికి నాయనా, రోకలి అరిగిపోయింది" అందట. లైసెన్సు వచ్చింది. అసలు పేచీ ఇంట్లోనే ఉంది. మామయ్య తమ్ముడు, నేను చిన్నమామ అని పిలిచే మనిషి, చెడ్డవాడు కాదు. వదిన మీద గౌరవం ఉంది, వదిన చేను మీద ఇంకొంచెం ఎక్కువ ఉంది. మామయ్య సంవత్సరీకం నాడు, భోజనాల దగ్గర నలుగురిలో అడిగాడు. "ఒక్కదానివి అడివి పక్కన ఏం కాస్తావు వదినా? నాకు కౌలుకియ్యి. ఏటా గింజలు ఇంటికి తెచ్చి పోస్తా." అయినవాళ్ళకి కౌలుకిచ్చిన చేను మళ్ళీ చేతికి రావడం మా వైపు అరుదు. పాసుపుస్తకం మన బీరువాలో ఉంటుంది, చేను వాళ్ళ నాగలి కింద ఉంటుంది. అత్త విస్తరాకు మడిచి లేచి, "ఈ యేడు మొక్కజొన్న పందుల పాలైతే నువ్వడిగిందే కానియ్. ఇంటికొస్తే మాత్రం మళ్ళీ నా దగ్గర కౌలు మాటెత్తబాక" అంది. చుట్టాలందరూ విన్నారు. ఇక అది వెనక్కి తీసుకునే మాట కాదు.

ఆ చలికాలం నేను మెటలర్జీ పరీక్షలు రాసి, ఉద్యోగం కబురు కోసం ఎదురుచూస్తూ ఖాళీగా ఉన్నాను. అత్త ఫోన్ చేసి "నువ్వు చదివింది లోహాలేగా. రా, నాతో పనుంది" అంది. వెళ్ళేసరికి కంకులు పీచు తొడుగుతున్నాయి. సాయిబు గారి కొట్లో కొత్త తూటాలు లేవు. సరుకు రావడానికి పర్మిట్టు ఇంకా చేతికి అందలేదట. "పాత ఇత్తడి డొప్పలుంటే కడిగి పట్రామ్మా, ఎన్ని తెస్తే అన్ని నింపిస్తా. పగుళ్ళు మాత్రం ఉండకూడదు" అన్నాడు ఫోన్లో. డొప్పల పెట్టె బీరువా పైన ఉండాలి. లేదు. ఇల్లంతా వెతికి, ఆఖరికి అత్త మా నాన్నకి ఫోన్ చేసింది. నాన్న మాచర్లలో సోషల్ మాస్టారు. పిల్లలకి చట్టం గురించి చెప్పీ చెప్పీ ఆయనకే చట్టమంటే భయం పట్టుకుంది. మా పల్నాట్లో ఎలక్షన్లంటే ముందు ఊళ్ళోని లైసెన్సు తుపాకులన్నీ పోలీసు స్టేషనుకి నడుస్తాయి, ఆ తర్వాతే ఓటర్లు పోలింగ్ బూత్‌కి నడుస్తారు. ఆ వేసవి ఎలక్షన్లప్పుడు అత్తకి తోడుగా వెళ్ళి తుపాకీ జమ చేయించి వచ్చింది నాన్నే.

"తమ్ముడూ, డొప్పల పెట్టె ఏది? కనపడదేంది?" అంది అత్త.

స్పీకర్లో నాన్న గొంతు తగ్గింది. "సోదాలు జరుగుతయ్యన్నారక్కా అప్పుడు. తుపాకీకి కాగితముంది, డొప్పలకి కాగితమేదంటే ఏం చెప్తాం? అందుకని..."

"అందుకని?"

"గొడ్లసావిడి అటక మీద పెట్టా, చొప్ప కింద. ఆ వాసనలో పోలీసు కుక్క కూడా పట్టలేదక్కా."

"కుక్క సంగతి సరే. నాకు చెప్పాలన్న సంగతి నీ బుర్రకి పట్టలా?"

"ఎలక్షన్ డ్యూటీ పడింది గదా, మర్చిపోయా."

వేసవిలో అటకెక్కిన పెట్టె వానాకాలమంతా అక్కడే ఉంది. కింద నాలుగు గేదెలు, ఎప్పుడూ తడిగా ఉండే నేల, గాలి ఆడని కప్పు. దింపి మూత తీస్తే యాభై దాకా డొప్పలు, నీలమూ ఆకుపచ్చా కలిసిన చిలుము పట్టి కనిపించాయి. చిలుము కంటే ఆ పెట్టెలోంచి ముక్కుకి కొట్టిన ఘాటు నన్ను భయపెట్టింది. ఇత్తడికి ఉన్న ఒక జబ్బు గురించి మా లెక్చరర్ క్లాసులో చెప్పిన మాట గుర్తొచ్చింది. ఆ జబ్బు పేరుకెక్కింది మన దేశంలోనేనట. దొరల కాలంలో వానలప్పుడు గుర్రపుశాలల్లో దాచిన తూటాల డొప్పలు ఎవరూ తాకకుండానే పగిలిపోయేవట. పశువుల మూత్రం నుంచి వచ్చే అమ్మోనియా, వానాకాలపు తేమ, ఇత్తడిలో ముందే బిగుసుకుని ఉన్న ఒత్తిడి, ఈ మూడూ కలిస్తే చాలు. ఇదంతా అత్తకి వివరంగా చెప్పాను. "గేదె ఉచ్చకి ఇత్తడి పగులుద్దా? ఇనేవాళ్ళుంటే ఏవైనా చెప్తావురా" అంది. అని, సావిట్లో నెమరేస్తున్న గేదెల వైపు చూసి, "పాలు తగ్గించింది చాలక ఇదొకటా మీకు" అని వాటిని కూడా అడిగింది.

నా అలవాటు ప్రకారం పనిని మెట్లుగా విడగొట్టాను. పాత టోపీలు తీయడం, నానబెట్టడం, లోపల తోమడం, కడగడం, ఆరబెట్టడం, పరీక్షించడం. టోపీ అంటే డొప్ప అడుగున, తుపాకీలోని సూది వచ్చి తగిలే చిన్న బిళ్ళ. అవి మామయ్య ఉన్నప్పుడే తీసి ఉంచాడు కాబట్టి ఒక మెట్టు కలిసొచ్చింది. నేను వరస చెప్పడం పూర్తిచేసేదాకా అత్త ఓపిగ్గా విని, "లగ్నం కూడా పెట్టించావా?" అంది. మట్టితొట్టిలో చింతపండు పిసికి, గుప్పెడు కల్లుప్పు వేసి, డొప్పల్ని ముంచాం. కాసేపటికి నీళ్ళు పచ్చబడి, ఆ తర్వాత బురదరంగుకి తిరిగాయి. సావిడి ఘాటు మెల్లగా తగ్గి, పెళ్ళి ముందురోజు పెరట్లో బిందెలు తోముతున్నప్పటి పుల్లటి వాసన వచ్చింది. ఇటుకపొడి వేసి రుద్దుతానంది అత్త. గరుకు గీతల్లో పగుళ్ళు దాక్కుంటాయని నేను వద్దన్నాను. సీసాలు కడిగే బ్రష్షు డొప్పలోకి సరిగ్గా పట్టింది. తిప్పి లాగితే పాత మందు మసి నల్లటి పాయలుగా కారేది. పులుపు పోయేదాకా మంచినీళ్ళు మార్చి మార్చి కడిగి, నోళ్ళు కిందికి పెట్టి ఎండలో ఆరబెట్టాం. వాకిట్లో గోనెపట్టా మీద అన్నీ వరసగా మెరుస్తుంటే, పాలకి వచ్చిన పక్కింటి పెద్దమ్మ ఆగి, "ఏం వ్రతమే?" అని అడిగింది.

"వరాహస్వామి వ్రతం" అంది అత్త, తలెత్తకుండా.

ఇక పరీక్ష. అత్తకి ఒక పద్ధతి ఉంది. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి వినే పద్ధతే అది. రెండు డొప్పల్ని ఒకదానికొకటి తాకిస్తుంది. ఖంగుమంటే మంచిది, గొంతు బొంగురుపోతే పగిలింది. సగానికి పైగా బొంగురుపోయాయి. చూస్తే వాటి అంచుల దగ్గర పగుళ్ళు కంటికే ఆనాయి. మిగిలినవాటికి నా పద్ధతి పెట్టాను. మా ప్రాంతంలో పిడుగురాళ్ళ సున్నానికి కరువు లేదు. బయటివైపు పల్చగా సున్నం పూసి ఆరనిచ్చి, లోపలివైపు కిరసనాయిలు గుడ్డతో తడపాలి. కంటికి కనపడని పగులేదైనా ఉంటే దానిగుండా నూనె పాకి, తెల్లటి సున్నం మీద నల్లటి గీతై తేలుతుంది. ఖంగుమన్నవాటిలోనూ చాలావాటి మీద గీత తేలింది. ఏ గీతా లేకుండా తెల్లగా నిలిచినవి తొమ్మిది.

అత్త గీత పడినవాటిని ఒళ్ళో వేసుకుంది. "మోగుతున్నయ్ గదరా. ఒక్కసారి పేలితే చాలు నాకు."

"ఆ ఒక్కసారితోనే భయం అత్తా."

"నీకు గీత కనపడతంది. నాకు చేను కనపడతంది. తొమ్మిదింటితో ఏ మూల కాయను?"

"తుపాకీ పేల్చేటప్పుడు నీ చెంప యాడుంటది?"

ఆమె అరచెయ్యి చాచి బొటనవేలు చెంపకి ఆనించి, చిటికెనవేలు ఎక్కడిదాకా వస్తుందో చూసుకుంది. జానెడు. డొప్ప పగిలి మంట వెనక్కి తంతే, అది దాటాల్సిన దూరం అంతే. చెయ్యి దించి లేచి లోపలికి వెళ్ళింది. అలిగిందనుకున్నాను. రోకలి పట్టుకుని వచ్చింది. గీత పడ్డ డొప్పల్ని ఒక్కొక్కటే రోట్లో వేసి, రోకలి చివరి ఇనప పొన్ను కింద రేకులా చదునయ్యేదాకా దంచింది. నేను అందుకోబోతే ఇవ్వలేదు. "దగ్గరుంటే ఏదో ఒకరోజు పేల్చబుద్దవుద్దిరా" అంది ఆయాసపడుతూ. "ఆ రోజుకి నువ్వుండవు ఇక్కడ."

నరసరావుపేటలో సాయిబు గారు తొమ్మిదింటినీ వెలుతురుకి పట్టి, లోపలా బయటా చూశాడు. "అంత పెట్టెలో ఇయ్యేనా అమ్మా మిగిలినయ్యి?" అన్నాడు. "మిగతాయి మా తమ్ముడు గేదెలకి మేతేశాడు సాయిబు గారూ" అంది అత్త. ఆయనకి అర్థం కాలేదు గానీ, శుభ్రం చేసిన తీరు మాత్రం నచ్చింది. ఎవరు కడిగారని అడిగాడు. "ఇంజినీరు" అని నన్ను చూపించింది. చింతపండుకి నల్లబడిన నా గోళ్ళు చూసి ఆయన పెద్దగా నమ్మినట్టు లేదు.

అప్పటినుంచి కంకి ముదిరేదాకా ఆ తొమ్మిదే మా సైన్యం. సాయంత్రం మసకపడే వేళ ఒకటి, తెల్లవారుజామున అవసరమైతే ఇంకొకటి. నడుమ మంటలూ, డబ్బా మోతలూ ఎటూ ఉన్నాయి. ఏ పూట ఏ గట్టు మీద పేల్చాలో నేను ఒక పట్టీ వేసి ఇస్తే, అత్త దాన్ని శ్రద్ధగా చూసి, సరిగ్గా దానికి వేరేగా చేసేది. "నీ టైం టేబులు పందులకి అలవాటైతే కొంప మునుగుద్ది" అనేది. పేలిన డొప్ప పొద్దెక్కేసరికి చింతపండు నీళ్ళలో ఉండేది, ఆరగానే సున్నం పూసుకునేది. పేలిన ప్రతిసారీ మళ్ళీ పరీక్ష పెట్టాల్సిందేనని నేను పట్టుబట్టాను, ఆమె కాదనలేదు. సగం ఖాళీ కాగానే లైసెన్సు పుస్తకం సంచిలో పెట్టుకుని పేట బస్సెక్కేది. పొద్దున పోయి సాయంత్రం మంద దిగేలోపు రావాలి, బస్సు దొరక్కపోతే ఆటోలు మారి అయినా రావాలి. వచ్చేది. మధ్యలో ఒక డొప్ప మీద గీత తేలింది. నన్ను అడగకుండానే రోటి దగ్గరికి తీసుకెళ్ళింది. ఎనిమిది మిగిలాయి.

ఆ సంగతి చిన్నమామ చెవిన పడినట్టుంది, ఒక సాయంత్రం గట్టు మీదికి వచ్చాడు. చేతిలో ఖాళీ నూనె డబ్బా ఉంది. కాసేపు చేను వంక చూశాడు. "ఎనిమిదింటితో ఎన్నాళ్ళు నెట్టుకొస్తావు వదినా?"

అత్త తుపాకీ మడిచి తూటా పెడుతూ, "పందులకి లెక్కలు రావు మరిదీ. లెక్కపెట్టేది నువ్వొక్కడివే" అంది.

ఆయన గట్టిగా నవ్వాడు. వెళ్ళేటప్పుడు ఆ నూనె డబ్బా తీసుకెళ్ళలేదు. మర్చిపోయాడేమోనని వెనక్కి పిలవబోతే, అత్త నా మోచెయ్యి పట్టుకుని ఆపింది. ఆ రోజు నుంచి మేం దాన్నే కొట్టాం. చానా బాగా మోగేది.

వాగు పక్కన నాలుగు సాళ్ళు పోయాయి. మిగతా చేనంతా ఇంటికొచ్చింది. కంకులు తోలడానికి ట్రాక్టరు తెచ్చింది చిన్నమామే. వాకిట్లో పోసిన కుప్ప చుట్టూ ఒకసారి తిరిగి, ఒక కంకి ఒలిచి, గింజ పళ్ళ మధ్య కొరికి చూసి, "బాగా ఆరింది" అన్నాడు. సంవత్సరీకం నాటి చుట్టాల్లో సగంమంది అక్కడే ఉన్నారు. ఆయన ఇంకేమంటాడోనని అందరూ చూశారు. మంచినీళ్ళడిగి తాగి, చెంబు బోర్లించి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు సాయిబు గారి కొట్టు మూతపడింది. మిగిలిన డొప్పలు కూడా గీతలు పడుతూ ఒక్కొక్కటే రోటికి పోయాయి. చేను చుట్టూ సోలార్ కంచె వచ్చింది, అత్తకి దాని మీద పూర్తి నమ్మకం లేదు. చేను మాత్రం ఆమెదే, దున్నేదీ ఆమే. మొన్న జాడీ మూత బిగించాక ఆమెకి ఫోన్ చేశాను. "కంకి పాలు పోసుకుంటంది, గట్టు మీదున్నా, తర్వాత మాట్లాడు" అని పెట్టేసింది. మా జాడీలో పెట్టిన ఇత్తడికి ఒక్కరోజే గడువు. ఆగితే మంచిది, ఆగకపోతే తుక్కు, ఆ పైన దాన్ని ఎవరూ ఏమీ అడగరు. మా అత్తని మాత్రం కాలం ప్రతి పంటకీ కొత్తగా వచ్చి, ఈసారీ తట్టుకుంటావా అని అడుగుతూనే ఉంది. అది వచ్చిన ప్రతిసారీ ఆమె గట్టు మీదే ఉంటోంది.