కొడవలి పెట్టని గుట్ట

చండ్రుగొండ దాటి అడవి దారిన లోపలికి పోతే ఒక గుట్ట ఉంది. చెట్టూ చేమా తక్కువ, గడ్డే ఎక్కువ. పైన దేవుడు లేడు కాబట్టి జాతర లేదు, జాతర లేదు కాబట్టి బస్సూ లేదు. చుట్టుపక్కల నాలుగు ఊళ్లవాళ్లకు తప్ప దాని సంగతే ఎవరికీ తెలియదు. ముత్తక్క మాత్రం ముప్పై ఏళ్లుగా దాన్నే నమ్ముకుని బతికింది. ఆ గడ్డితోనే ఇల్లు కప్పింది, చీపుళ్లు కట్టి సంతలో అమ్మి ఇద్దరు కూతుళ్లను పెంచింది. నోరు గట్టిది, మోకాళ్లే అంత గట్టివి కావు.

2006లో, కార్తీకం వెళ్లిన వారం, క్రాంతికుమార్ అనే సర్వే ఉద్యోగి ఊళ్లోకి వచ్చాడు. గుట్ట మీద గడ్డి ఎవరూ కోయడం లేదు గనక వాడకం లేని భూమిగా రాశానని, ఇక అక్కడ జామాయిల్ మొక్కలు నాటిస్తారని చెప్పాడు. పాపం, అతని తప్పూ లేదు. కింద నుంచి చూస్తే గడ్డి నడుమెత్తు నిలబడి ఉంది. జామాయిల్ వేసిన చోట గడ్డి మొలవకుండా పోవడం ముత్తక్క పక్క ఊళ్లో కళ్లారా చూసింది.

వాదించి లాభం లేదనుకుని, ఒక్కసారి పైకి రమ్మని సారును బతిమాలింది. బూట్లేసుకుని ముందు నడిచినవాడు సగం దూరంలోనే రొప్పుతూ కూలబడ్డాడు. ముత్తక్క మోకాళ్లను తిట్టుకుంటూనే అతన్ని దాటిపోయింది. పైన గాలికి గుట్టంతా ఒక్కసారే వంగి లేస్తోంది. ఎలాగో పైకి చేరిన క్రాంతికుమార్ కాసేపు వచ్చిన పని మరిచిపోయాడు.

ముత్తక్క చతికిలబడి ఒక దుబ్బును రెండు చేతులా విడదీసింది. అడుగున నిరుడు కోసిన మోళ్లు, అన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి. పక్క దుబ్బూ అంతే.

"మరి ఈ ఏడు ఎందుకు కోస్తలేరమ్మా?" అన్నాడు.

"పండుగ కాలే సారూ. గడ్డి గింజ రాలినంక పండుగ చేస్తం, గప్పటిదాంక కొడవలి పెట్టం. కుండల ఇత్తనం గింజలు దాసుకున్నోళ్లు అవి తినకుంటే ఆకలి లేదనుకుంటవా?"

అతను తలూపాడు. ఆఫీసులో చూపించడానికి పిడికెడు గడ్డి పట్టుకుని తెంపబోయాడు. ముత్తక్క చెయ్యి దానంతటదే పోయి అతని మణికట్టు పట్టుకుంది. పట్టుకున్నాక భయమేసింది. రాసేది ఆ చెయ్యే, గుట్ట ఉన్నా పోయినా దాని చలవే. అయినా వదల్లేదు.

క్రాంతికుమార్ గడ్డి వదిలేసి, కాగితం తీసి, ముందు రాసింది కొట్టేశాడు. ఏం రాసినవని అడిగితే నెమ్మదిగా చదివి వినిపించాడు.

"గ్రామస్తులు వాడుకుంటున్న భూమి. పండుగకు ముందు ఎవరినీ గడ్డి తెంపనివ్వరు. నన్నూ తెంపనివ్వలేదు."