నా పేగు ఫోటో

స్కానింగ్‌కి ముందు పొట్ట మీద రాసే జెల్‌కి వాసనేమీ ఉండదని అందరూ అంటారు గానీ నాకు మాత్రం తెలుస్తుంది, కొత్త రెయిన్‌కోటు మడత విప్పినప్పుడు వచ్చే వాసనలాంటిదేదో. మొన్న శుక్రవారం ఆ గదిలో, పొట్ట మీద జెల్ పిండి, మెత్తటి టవల్ నడుం దగ్గర దోపి, స్కాన్ చేసే అమ్మాయి "ఇట్స్ ఎ బిట్ కోల్డ్, డార్ల్" అనగానే, పక్క కుర్చీలో అమ్మ కూర్చునుందన్న సంగతి కూడా మర్చిపోయి మళ్లీ పదకొండేళ్ల పిల్లనైపోయాను.

అప్పట్లో మేం క్వేకర్స్ హిల్‌లో ఉండేవాళ్లం. ఇల్లు ఇరుకు, వెనక పెరడు మాత్రం విశాలం. అమ్మ అందులో గోంగూర వేసేది, చలికాలం పొద్దున్నే గడ్డి మీద మంచు పేరుకుంటుందని నాన్న కరివేపాకు కుండీని చంటిపిల్లని ఎత్తుకున్నట్టు గరాజ్‌లోకి మోసుకెళ్లేవాడు. ఇక్కడ ఎండాకాలమంటే డిసెంబరే, ఆ ఎండల్లో కిటికీ ఫ్లైస్క్రీన్ జాలీకి కొట్టుకునే పురుగుల్ని ఏరి డబ్బాలో వేయడం, వీధి చివర చెత్త డబ్బాని వికెట్లుగా పెట్టి క్రికెట్ ఆడటం, శనివారాలు పెండిల్ హిల్ ఇండియన్ కొట్లలో వేడివేడి పునుకులు తింటూ అమ్మ వంకాయలు ఏరేదాకా నిలబడటం, ఇవీ నా బాల్యం. తెనాలి నుంచి అమ్మమ్మ వచ్చి ఏడాది ఉండిపోయింది. నాకు తెలుగు చదవడం, రాయడం వచ్చాయంటే ఆవిడ చలవే. పప్పు కలిపిన ముద్ద ఎడం చేత్తో పట్టుకున్న ఐప్యాడ్ మీద పడకుండా నా నోట్లో పెడుతూ అక్షరాలు దిద్దించేది.

ఆ ముద్దలు నా ఒంటికి పట్టేవి కావు. తిన్నదల్లా నొప్పయ్యేది, క్లాసు మధ్యలో చెయ్యెత్తి టాయిలెట్‌కి పరిగెత్తేదాన్ని. చివరికి పిల్లల డాక్టరు దాన్ని క్రోన్స్ అన్నాడు. పేగు గోడ వాచి, పుండ్లు పడి, ఒక్కోసారి నెత్తురు పోయి, కొన్నాళ్లు తగ్గి మళ్లీ తిరగబెట్టే జబ్బు. మందులు వాడుతూ కొన్ని నెలలకోసారి లోపల వాపు ఎలా ఉందో చూస్తుండాలన్నాడు. కెమెరా గొట్టంతో చూడాలంటే ముందురోజంతా ఆ దరిద్రపు మందునీళ్లు తాగి కడుపు ఖాళీ చేసుకోవాలి. స్కానింగ్‌తో ఆ బాధ లేదు, సూదీ లేదు, మత్తూ లేదు.

నిజం చెప్తున్నా, నాకు స్కానింగ్ అంటే భలే ఇష్టంగా ఉండేది. జెల్ రాసే ఆవిడ తెర నా వైపు తిప్పి చూపించేది. నలుపూ తెలుపూ మసకలో నా పేగు వానపాములా మెల్లగా కదిలేది, గోడ మందంగా ఉన్నచోట కొలత తీసేది, తర్వాత మీట నొక్కితే నెత్తురు పారేచోట ఎర్రచుక్కలు వచ్చేవి. ఎరుపు ఎంత తక్కువుంటే అంత మంచిదని నాకు తెలిసిపోయింది. ఒకసారి ఎరుపు దాదాపు లేదు. ఆవిడ మురిసిపోయి ఒక ఫోటో ప్రింటు తీసి ఇచ్చింది. దాన్ని ఇంటికి తెచ్చి ఫ్రిజ్ తలుపు మీద అయస్కాంతం పెట్టి అతికించాను. క్లాసులో సర్టిఫికెట్ వచ్చినంత గర్వం నాకు.

అమ్మమ్మ ఆ ఫోటో చూసి నిలబడిపోయింది. "ఆడపిల్లకి కడుపు స్కానింగేంటే? నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?" అంది అమ్మతో. ఆవిడ ఎరిగినంతలో స్కానింగ్ అంటే కడుపుతో ఉన్నవాళ్లకే. అమ్మ ఏదో సర్దిచెప్పింది గానీ సాయంత్రానికి ఫ్రిజ్ మీద ఫోటో లేదు. అప్పట్నుంచీ స్కానింగ్‌ని మా ఇంట్లో "డెంటిస్ట్" అనేవాళ్లం. ఎవరైనా నేను చిక్కిపోయానంటే "గ్యాసండీ" అనేది అమ్మ. నా పొట్ట గురించి సిగ్గుపడాలని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ ఏడు స్కూలు సెలవుల ముందు మళ్లీ స్కానింగ్‌కి వెళ్లాం. ఆ ఆసుపత్రిలో పిల్లలకీ గర్భిణులకీ వెయిటింగ్ రూమ్ ఒకటే. తలుపు తోయబోయి అమ్మ ఆగిపోయింది. లోపల శ్రీదేవి ఆంటీ, నిండు గ్లాసు నీళ్లు పట్టుకుని కూర్చుని ఉంది. మా వీధికి రెండు వీధుల అవతలే వాళ్లిల్లు, మంచి మనిషి, కాకపోతే పొద్దున ఆవిడకి తెలిసింది సాయంత్రానికి బ్లాక్‌టౌన్ అంతా తెలుస్తుంది. అమ్మ నా చెయ్యి పట్టుకుని లిఫ్ట్ వైపు తిరిగింది. కారులో కూర్చుని ఫోన్ చేసి, పాపకి జలుబని చెప్పి, తర్వాతెప్పుడో ఇంకో రోజుకి అపాయింట్‌మెంట్ తీసుకుంది. "నీకు బానే ఉందిగా?" అనడిగింది. అప్పటికి వారంగా నొప్పి ఉంది. "ఐయామ్ ఫైన్ అమ్మా," అన్నాను.

ఆ "తర్వాత" రాకముందే దీపావళి వచ్చింది. దక్షిణార్ధగోళం కదా, ఇక్కడ దీపావళి వసంతంలో వస్తుంది, అప్పటికే ఎండాకాలానికని గడియారాలు గంట ముందుకి జరిపేస్తారు కనక పొద్దు ఎంతకీ కుంకదు, పిల్లలం కాకరపువ్వొత్తులు చేత్తో పట్టుకుని చీకటెప్పుడు పడుతుందా అని, తెలుగువాళ్లంతా కలిసి పండగ చేసుకునే హాలు బయట తచ్చాడుతుండేవాళ్లం. లోపల పులిహోర, గారెలు, పట్టుచీరల కర్పూరపు వాసన. నాకు అమ్మమ్మ తెనాలిలో కుట్టించి తెచ్చిన లేత పసుపు పరికిణీ. కడుపులో ఒక్కసారిగా మెలిపెట్టింది. టాయిలెట్ దగ్గర చాంతాడంత లైను. నా వంతు వచ్చేసరికి ఆలస్యమైపోయింది, పరికిణీ వెనక నెత్తురు.

నన్ను ముందు చూసింది శ్రీదేవి ఆంటీయే. తన చున్నీ తీసి నా నడుముకి చుట్టి, అమ్మని కేకేసింది. "సుజాతగారూ, ఇటు రండి. కంగ్రాట్స్ అండీ, మీ పాప పెద్దమనిషైంది."

అమ్మ నన్ను చూసింది. ఆ నెత్తురు ఎక్కణ్నుంచి వచ్చిందో ఆవిడకి తెలుసు, నాకూ తెలుసు. ఆంటీలు అప్పటికే మూగేశారు. "అవునండీ," అంది అమ్మ. ఆ మాటతో ఆవిడ భుజాలు కాస్త కిందికి దిగడం చూశాను. చెప్పుకోదగ్గ కారణం ఒకటి దొరికింది కదా. నన్ను విడిగా కుర్చీలో కూర్చోబెట్టారు, ఎవరో నా నోట్లో లడ్డు పెట్టారు, ఓణీల ఫంక్షన్‌కి ఇదే హాలు బుక్ చేయమని ఇంకెవరో అన్నారు. పేగులు తెగిపోతున్నట్టున్నా నేను నవ్వాను. నవ్వకపోతే అమ్మ పట్టుబడిపోతుందని భయం.

ఆ హాలు నుంచి తిన్నగా ఆసుపత్రికే వెళ్లాం. కారు వెనక సీట్లో నా తల ఒళ్లో పెట్టుకుని అమ్మమ్మ ఒకటే మాట అంది. "నాదేనే తప్పంతా. ఆ పాడు మాట నేనే అన్నా." ఆసుపత్రిలో పాత స్కానింగ్ ఆవిడే వచ్చి తెర తిప్పింది. ఎక్కడ చూసినా ఎరుపే. అమ్మ నేలచూపులు చూస్తూ నిలబడింది. చాలా వారాలు ఆసుపత్రిలోనే ఉన్నాను. స్టెరాయిడ్లకి నా మొహం గుండ్రంగా ఉబ్బిపోతే, ఈడేరాక ఒళ్లు చేసిందని ఆంటీలు మెచ్చుకున్నారు. అంత పొట్టతో శ్రీదేవి ఆంటీ స్వయంగా నువ్వులు దంచి చిమ్మిలి ఉండలు చేసి తెచ్చింది, పెద్దమనిషైన పిల్లకి పెట్టాలని. డాక్టరు నాకు గింజలు వద్దన్నాడు. ఆ డబ్బా కొన్నాళ్లు పై అరలో ఉండి బిన్‌లోకి పోయింది.

నిజంగా పెద్దమనిషినయ్యేసరికి నాకు పదహారు దాటాయి, ఈ జబ్బున్న పిల్లలకి ఆలస్యమవుతుందిట. ఆ రోజు ఎవరికీ చెప్పలేదు. చిమ్మిలీ లేదు, ఓణీ లేదు. మా వాళ్ల లెక్కలో అది ఎప్పుడో అయిపోయింది కదా. బాత్రూమ్‌లో ప్యాకెట్ నేనే విప్పుకున్నాను.

మొన్న శుక్రవారం తెర మీద కదిలింది పేగు కాదు. నాకిప్పుడు ఐదో నెల. బిడ్డ కాలు తన్నడం చూసి అమ్మ కళ్లొత్తుకుంది. కార్ పార్కులోనే ఫోటోని తెలుగు ఆంటీల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. మేం సీటుబెల్ట్ పెట్టుకునేలోపే గుండెల బొమ్మలు వరసగా వచ్చిపడ్డాయి, అందరికంటే ముందు శ్రీదేవి ఆంటీది.

"ఫ్రిజ్ మీద నా ఫోటో ఏంచేశావమ్మా?" అని అడిగేశాను.

ఏ ఫోటో అంటుందనుకున్నాను. అనలేదు. ఫోన్ ఒళ్లో పెట్టుకుంది. "చింపేశానే," అంది. "ఆ వేళ ఎవరో భోజనానికొస్తున్నారు. సిగ్గేసింది. ఆ హాల్లో అవునండీ అన్నందుకు ఇప్పటికీ సిగ్గేస్తుంది."

అదే పొట్ట, అదే జెల్, అదే మసక ఫోటో అని ఎప్పణ్నుంచో దాచుకున్న కోపమంతా నోటిదాకా వచ్చింది. అప్పుడు అమ్మ నావైపు తిరిగి మెల్లగా అడిగింది, "మీ అత్తయ్యగారికి చెప్పావా మరి, నీ జబ్బు సంగతి?"

అత్తయ్యగారు వేరే ఊళ్లో, వెర్రిబీలో ఉంటారు, చాలా మంచావిడ. అక్కడికి వెళ్లినప్పుడల్లా పొద్దున కాఫీ ఇస్తూ నా చేతిలో మాత్రలేంటని అడుగుతారు. విటమిన్లండీ అని చెప్తున్నాను.