మేము పెంచిన కసువు

చిలమత్తూరుకు అవతల మా ఊరి వెనకుండే గుట్టకు మా నాయనే కాపలా. జీతమేమీ లేదు, అడివి కమిటీకి ఆయన పెద్ద. నా చిన్నప్పుడు ఆ గుట్ట మీద రాళ్లు తప్ప ఏమీ కనపడేటివి కావు. అడివి ఆఫీసర్లు ముట్టొద్దంటే గొడ్డలినీ గొర్రెల్నీ పైకి పోనీకుండా ఆపినాక చండ్రలు, సీతాఫలం చెట్లు లేచినాయి. ఇండ్లకు గ్యాసు వచ్చినాక మేం ఆడోళ్లం పుల్లలకు పోవడం కూడా మానుకున్నాం. గొర్రెలు మేసే కసువు నడుమెత్తు పెరిగింది. దాన్ని చూసి నాయన మురిసిపోయేవాడు.

మా మామకు, అంటే అమ్మ తమ్మునికి, గొర్రెలుండాయి. "ఒక పక్కన్నా మేపుకోనీ బావా," అని అడుగుతానే ఉండేవాడు. నాయన ఒప్పుకోలేదు.

పోయిన ఎండాకాలం ఒక మధ్యాహ్నం గడప కాడ కూచోని శెనక్కాయలు ఒలుస్తాంటే పొగ వాసనొచ్చింది. బయటికొచ్చి చూస్తే గుట్ట మండుతాండాది.

పచ్చి కొమ్మలు విరుచుకొని ఊరంతా పరిగెత్తినాం. మంట మనిషి కంటే ఎత్తుండాది. అందరికంటే ముందుకు పోయి కొట్టింది మామే. సీతాఫలం చెట్లు పటపటా పేలతాండాయి. పొద్దుగూకే యాళకు అవతల బోడిబండ అడ్డమొచ్చి మంట దానంతట అదే ఆగింది. ఇంటికొచ్చినాక బొబ్బలెక్కిన మామ చేతులకు నేనే వెన్న పూసినా.

తెల్లారి అడివి శాఖ బీట్ ఆఫీసరు వచ్చినాడు. బూడిదలో నడుస్తాంటే నా కాలికి ఏదో తగిలింది. తాబేలు చిప్ప. లోపలంతా కాలిపోయుండాది. యాడ పెట్టాలో తెలీక చేతిలోనే పట్టుకొని నిలబడినా.

"ఎవరి పనప్పా ఇది?" అన్నాడు ఆఫీసరు.

"నేనే సార్," అన్నాడు మామ.

నాకు సరిగా వినపడలేదేమో అనుకున్నా. ఆయన మళ్లా చెప్పినాడు. "కొంచెం అంటిస్తే వానకు కొత్త కసువు ఇగురు పెడతాది. మా నాయనా అట్లే చేసేవాడు. అప్పుడు మంట మోకాలు దాటేది కాదు సార్. ఇట్లయితాదని అనుకోలేదు."

మామ మొహం చూడలేక నేను ఆ చేతులనే చూస్తాండా. ఇన్నేళ్లు మేము కాపాడిన కసువే మా చెట్లను కాల్చిందని అప్పుడు అర్థమయింది.

మామ మీద కేసు పెట్టినారు. నాయన ఆయనతో మాట మానేసినాడు, అన్నం కూడా సరిగా తినలేదు. వానలు పడినాక ఆఫీసరు మళ్లొచ్చి మా ఇంట్లోనే కమిటీని కూచోబెట్టినాడు. ఇంకమీదట ఎండలు ముదరకముందే కసువు కోసెయ్యాలంట, మంట దాటకుండా గుట్ట చుట్టూ బోడిదారి తియ్యాలంట, లేత చెట్లు లేని పక్క గొర్రెల్ని వదలొచ్చంట.

"ముట్టొద్దన్నది మీరే కదా సార్," అన్నాడు నాయన.

"అప్పుడు గుట్ట బోడిగా ఉండె. ఇప్పుడు అట్ల లేదు కదన్నా."

నాయన లేచి, వాకిట్లో నిలబడిన మామ దగ్గరికి పోయినాడు.

"రేపు గొర్రెల్ని తోలుకురా," అన్నాడు. "యాడిదాకా పోనీయాలో చూపిస్తా."

మామ తలూపినాడు. నాకైతే ఇప్పటికీ పొగ వాసనొస్తే చేతిలో పని ఆగిపోతాది.