బోణీ బేరానికి తెచ్చిన రౌటర్

పదహారు వందలు చెప్పిన వస్తువును ఎనిమిది వందల యాభైకి దింపి, పైగా దుకాణదారుడి చేత నవ్వుతూ సంచిలో పెట్టించుకుని వచ్చిన మనిషి మా శంషాబాద్ కాలనీ మొత్తంలో ఎవరైనా ఉన్నారంటే అది నేనే. ఆ వస్తువు ఇంట్లో ఇంటర్నెట్ అందరికీ అందేలా చేసే వైఫై రౌటర్ అనీ, నా అరవై మూడేళ్ళ బతుకులో అంతకన్నా తెలివితక్కువ కొనుగోలు మరొకటి లేదనీ నలుగురి ముందు ఒప్పుకోవడానికి మాత్రం నాకు రెండేళ్ళు పట్టింది.

నిన్న పొద్దున పక్కింటామె పిట్టగోడ మీదుగా పిలిచింది. "అక్కా, తక్కువ పైసలల్ల మంచి రౌటర్ యాడ దొరుకుతది? బేరమాడనీకి నువ్వే రావాలె, నాకు నోరు రాదు" అంది. మోకాళ్ళ నొప్పి అని చెప్పి తప్పించుకుని లోపలికి వచ్చాను గాని, చేతిలో టీ చల్లారిపోయేదాకా అలాగే కూర్చున్నాను. బేరమాడి కొనడం తెలిసిన మన ఈడు వాళ్ళకైతే నా పరేషాన్ అర్థమవుతుందని ఇదంతా రాస్తున్నాను.

మా బాపుది పాత బస్టాండు ఎదురుగా గిన్నెల దుకాణం. అటు పక్క బట్టల దుకాణం మా పెదనాన్నది, ఇటు పక్క కిరాణం మా మేనమామది, కనుక నేను మాటలు నేర్చింది బేరాల మధ్యనే అనుకోవచ్చు. పొద్దున తలుపులు తీసి, వాకిట్లో నీళ్ళు చల్లి, ఊదుబత్తి వెలిగించాక మొదట గడప తొక్కిన మనిషిని ఉత్త చేతులతో పంపకూడదని బాపు నియమం. అదే బోణీ. లాభం రాకపోయినా, ఒక్కోసారి రెండు రూపాయలు చేతి నుంచి పోయినా సరే, అడిగిన ధరకు ఇచ్చేసి, ఆ నోటు కళ్ళకద్దుకుని గల్లాలో వేసుకునేవాడు. బోణీకి అమ్మిన సరుకును మాత్రం వెనక్కి తీసుకునేవాడు కాదు; అది తిరిగొస్తే ఆ రోజు వ్యాపారమే కాదు, దుకాణం లక్ష్మే వెళ్ళిపోతుందని ఆయన భయం. ఒకసారి మంఖాల్ నుంచి ఒక రైతు ఇల్లాలు బోణీకి కొన్న రాగి బిందె కారుతోందని మోసుకొచ్చింది. బాపు బిందె వాపసు తీసుకోలేదు, కానీ ఆమెను వెంటబెట్టుకుని అతుకులు వేసేవాడి దగ్గరకు వెళ్ళి, పని అయ్యేదాకా ఎండలో నిలబడి, కూలి తానే ఇచ్చి, "ఇగ కారితే మళ్ళ రా అక్కా, జర సిగ్గుపడకు" అని పంపించాడు. ఇందులో నాకు జీవితాంతం గుర్తున్నది మొదటి సగమే, బోణీ సరుకు తిరిగి ఇవ్వకూడదన్నది. రెండో సగం ఎందుకు మరిచిపోయానో నాకే తెలియదు.

రెండేళ్ళ క్రితం మా కోడలికి విమానాశ్రయం దగ్గర సరుకుల రవాణా ఆఫీసు ఒకదానిలో ఉద్యోగానికి పిలుపొచ్చింది. మనవరాలు పుట్టాక పాత ఉద్యోగం మానుకుని మూడేళ్ళు ఇంట్లోనే ఉన్న పిల్ల. మావాడు కారు నడిపి తెచ్చే సంపాదన ఒక్కదాని మీద ఇల్లు నడుస్తోంది. జీతం సంగతి అలా ఉంచి, మళ్ళీ పొద్దున్నే చీర కట్టుకుని బయటకు వెళ్ళే రోజు కోసం ఆమె ఎంత ఎదురుచూసిందో నేను కళ్ళారా చూశాను. పరీక్ష ఇంటి నుంచే, కంప్యూటర్ మీద, రెండు గంటలు. ఎదురుగా కెమెరా ఉంటుంది, గదిలో మరో మనిషి కనపడకూడదు, ఫోను దగ్గర ఉండకూడదు. నెట్ ఒక్కసారి తెగితే హెచ్చరిస్తారు, రెండోసారి తెగితే పరీక్ష మూసేస్తారు.

అందుకే ఇంట్లోకి కొత్తగా నెట్ తీగ లాగించాం, రౌటర్ మాత్రం మేమే కొనుక్కోవాలి. కోడలు ఒక చీటీ రాసి, మూడు వేలు చేతిలో పెట్టింది. సిగ్నల్‌కు రెండు బ్యాండ్లు ఉండాలి, మేడ మీది గదికి అందాలి, వారంటీ కార్డు మీద దుకాణం ముద్ర ఉండాలి, అంతే. తానే వెళ్తానంది. నువ్వు చదువుకో, కొనడం నాకు వదిలెయ్యి అని నేనే లాక్కున్నాను. మర్నాడు పొద్దున్నే బస్సెక్కి, అత్తాపూర్‌లో ఎలక్ట్రానిక్స్ దుకాణం షట్టర్ ఎత్తుతుండగానే గడప మీద నిలబడ్డాను. చీటీలో ఉన్నది రెండు వేల నాలుగు వందలన్నాడు. నా కన్ను అరలో వెలిసిపోయిన అట్టపెట్టె మీద పడింది. అది పదహారు వందలట, ఒకే బ్యాండట. ఒకటైతేనేం, మాది అంత పెద్ద ఇల్లా అనుకున్నాను. "బోణీ ఉత్తగ పోనియ్యకు బిడ్డా" అని ఆయుధం తీశాను. అతను ఒకసారి నన్నూ, ఒకసారి పెట్టెనూ చూసి, "సరే తీయ్ అమ్మా, ఎనిమిది యాభై ఇయ్యి" అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నవాడిని చూసి అనుమానపడాలని గిన్నెల దుకాణంలో పుట్టినదానికి తోచకపోవడమే వింత.

పరీక్షకు ఇంకా వారం ఉంది. రెండో రోజే అది ఆగిపోయింది. ముట్టుకుంటే పెనంలా కాలుతోంది. కాసేపు తీసి పెడితే మళ్ళీ వెలుగుతుంది. మేడ మీద కోడలు పాఠం చూస్తుండగా ఆగితే, "ఏమైంది అత్తమ్మా?" అని కేక. నేను పైకి చూశాను. సరిగ్గా అప్పుడే ఇంటి మీదుగా ఒక విమానం దిగుతోంది. "ఇమానాలు పోతుంటే గట్లనే అయితదంట బిడ్డా, అందరిండ్లల్ల గదే కథ" అన్నాను. ఆ అబద్ధం నా నోటి నుంచి అంత నున్నగా ఎలా జారిందో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్ళు వేడెక్కుతుంది. వాపసు ఇద్దామంటే అది బోణీ సరుకు, ఒక దుకాణం లక్ష్మిని కాలదన్నలేను. నిజం చెబుదామంటే వీధంతా తిరిగి నా బేరం చెప్పుకుని వచ్చాను. అలా వారంలో మూడు విమానాల మీద నేరం మోపాను.

పరీక్ష రోజు పది గంటలకు కోడలు మేడ మీద తలుపు వేసుకుంది. మనవరాలిని వాళ్ళ అమ్మమ్మ ఇంట్లో దింపాం. మా ఆయన గేటు దగ్గర నిలబడి కూరగాయల బండివాళ్ళకు చేత్తో సైగ చేసి అరవకుండా పంపుతున్నాడు. నేను హాల్లో రౌటర్ ముందు పీట వేసుకుని, దాని పచ్చదీపం మీద నుంచి చూపు తిప్పలేదు. పదీ నలభైకి దీపం ఆరింది. తీగ పీకి, మళ్ళీ పెట్టి, వెలిగేలోపల కోడలు కంప్యూటర్ పట్టుకుని మెట్లు దిగి వచ్చింది, ముఖం తెల్లబోయి. "ఒక్కసారే మాఫ్ అత్తమ్మా. ఇగ పోతే బంద్" అని రౌటర్ పక్కనే నేల మీద కూర్చుంది.

ఇక నేను కెమెరాకు కనపడకూడదు. బల్ల కింద దూరి, విసనకర్రతో ఆ డబ్బాకు విసరడం మొదలుపెట్టాను. గంటకు పైగా. బాలింతకు కూడా అంత శ్రద్ధగా విసిరి ఎరగను. చేయి మార్చినప్పుడల్లా గాజులు చప్పుడు చేస్తాయని భయపడి, వాటిని ఒక్కొక్కటే తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కోడలి వేళ్ళు మీటల మీద టకటకమంటుంటే నాకు ప్రాణం లేచొచ్చేది, ఆగితే పోయేది. పదకొండు దాటింది. పదకొండున్నర అయింది. ఇంకో పది నిమిషాలు ఉన్నాయనగా, నా కళ్ళ ముందే, నేను విసురుతుండగానే, పచ్చదీపం ఆరిపోయింది.

వేళ్ళ చప్పుడు ఆగింది. నేను బల్ల కింద నుంచి బయటకు రాలేదు. కోడలు కంప్యూటర్ మూసి, కిటికీలోంచి ఆకాశం వైపు చూసింది. ఒక్క విమానం లేదు, ఒక్క మబ్బు లేదు. "ఇప్పుడు యే ఇమానం పోయింది అత్తమ్మా?" అని మెల్లగా అడిగింది.

అప్పుడు చెప్పాను, అంతా. తిట్టినా బాగుండేది. లేచి వెళ్ళి ముఖం కడుక్కుని వచ్చి, "ముందుగల్ల చెప్తే మా అమ్మోళ్ళింట్ల కూసొని రాస్తుంటి గద" అని మాత్రం అంది. నిజమే. వారం రోజులు నా దగ్గర ఉన్న ఆ ఒక్క మాట ఆమె దగ్గర ఉంటే చాలేది.

మర్నాడు ఇద్దరం అత్తాపూర్ వెళ్ళాం. నేను తలవంచుకుని, బోణీ సరుకని వాపసు తేలేదు బిడ్డా అన్నాను. అతను తెల్లబోయాడు. "బోణీ ఏందమ్మా? నువ్వొచ్చేటాల్లకే ఫోన్ల మూడు ఆర్డర్లు పోయినయ్. అది మూలకు పడ్డ పాత మాలు, పోతే పోయిందని ఇచ్చిన. వారంల తెస్తే బరాబర్ మార్చిస్తుంటి!" అన్నాడు. గడువు నిన్నటితో అయిపోయిందట. చీటీలో ఉన్నదాన్నే చూపించాడు. నేను నోరెత్తకుండా రెండు వేల నాలుగు వందలు లెక్కపెట్టి ఇస్తే, "బేరం చెయ్యవా అమ్మా?" అని నవ్వాడు. కోడలే జవాబు చెప్పింది, "చేసిందన్నా, అయిపోయింది."

ఆ ఆఫీసు మళ్ళీ పరీక్ష పెట్టింది ఎనిమిది నెలల తర్వాత. కోడలు ఈసారి మేడ మీద గదిలోనే రాసింది, దీపం ఆరలేదు, ఉద్యోగం వచ్చింది. ఈ రోజు కూడా చీర కట్టుకుని పోయింది.

బోణీ కోసం గడప మీద నిలబడే రోజులు పోయాయని ఇప్పుడు తెలుసు. మొదటి గిరాకీ ఎవరో దుకాణదారుడికే తెలియదు, కళ్ళకద్దుకుని గల్లాలో వేసుకోవడానికి నోటే చేతికి రాదు. దానికి దిగులుగానే ఉంటుంది. కానీ కారుతున్న బిందెను నెత్తిన పెట్టుకుని అన్ని మైళ్ళు నడిచొచ్చి, కారుతోందని నోరు తెరిచి చెప్పిన ఆ మంఖాల్ ఇల్లాలి పాటి ధైర్యం నాకు లేకపోయిందన్నదే అంతకన్నా పెద్ద దిగులు.

పక్కింటామెకు రేపు ఈ లెక్క రాసి ఇస్తాను. బస్సు ఆడవాళ్ళకు ఉచితం గనుక దారి ఖర్చు లేదు. మంచి రౌటర్‌కు పెట్టిన రెండు వేల నాలుగు వందలు ఎలాగూ పెట్టవలసినవే, అవీ లెక్కలోకి రావు. మూలపడ్డ డబ్బాకు ఎనిమిది వందల యాభై. కోడలికి రాకుండా పోయిన ఎనిమిది నెలల జీతం, నెలకు ఇరవై రెండు వేల చొప్పున, లక్షా డెబ్బై ఆరు వేలు. మొత్తం లక్షా డెబ్బై ఆరు వేల ఎనిమిది వందల యాభై రూపాయలు.