పుప్పాలగూడలో పప్పు మాడిన ఆదివారం

యూనివర్సిటీలో చదివే మా మనుమరాలు లలిత ఆదివారాలు హాస్టల్ నుంచి ఇంటికి రావడం మానేసింది. పుప్పాలగూడలో కొందరు విద్యార్థులు ఇల్లు అద్దెకు తీసుకుని బుద్ధుడి ధ్యానం చేస్తున్నారనీ, ఇదీ అందులో చేరిందనీ తెలిసింది. గుండు చేయించుకోకముందే మాన్పించాలని పొద్దున ఏడింటికి మూసాపేటలో బస్సెక్కాను.

కొత్తగూడ దగ్గర బస్సు ఆపేశారు. కొత్త ఆఫీసుల కోసం బండలు పేలుస్తున్నారట. పక్క సీట్లో తట్ట ఒళ్లో పెట్టుకున్న కూలీ ఆమె పలకరించింది.

“ఏడికి పెద్దమ్మా?”

“మా పిల్ల బుద్ధుడిలో కలిసిందట. తీసుకొద్దామని.”

“గుండు గిట్ల కొట్టించిందా ఏంది?”

“అదే చూడాలి.”

“జర జల్ది పో మరి.”

గచ్చిబౌలిలో దిగి ఏడు సీట్ల ఆటో ఎక్కాను. మీరు వెళ్తే వెనక సీట్లో కూర్చోకండి, దుమ్మంతా అక్కడికే వస్తుంది.

చేరేసరికి పది దాటింది. లలిత జడ భద్రంగానే ఉంది. పిల్లలంతా చాపల మీద కళ్లు మూసుకున్నారు. గంట కొట్టేదాకా మాట్లాడకూడదనీ, ఊపిరిని గమనిస్తూ ఏ ఆలోచన వచ్చినా పోనివ్వాలనీ గోడమీద రాసి ఉంది. నేనూ కూర్చున్నాను. పప్పు మాడుతున్న వాసన వచ్చింది. వాళ్లు దాన్నీ పోనిచ్చారు. నేనే లేచి స్టవ్ ఆర్పాను.

గంట కొట్టాక, “ఇక ఇటు రావద్దు, బయల్దేరు” అన్నాను లలితతో.

“ఇక్కడ ఏదైనా అందరి ముందు మూడుసార్లు అడుగుతాం నాయనమ్మా. కాదనేవాళ్లు నోరు తెరవాలి. ఊరుకుంటే ఒప్పుకున్నట్టే. భిక్షువుల నాటి పద్ధతి.”

“అరుపులు లేకుండా బాగానే ఉంది. అలాగే కానీ.”

ఇంట్లో తాగిన గ్లాసు కూడా తీయని లలిత, అక్కడ అందరికీ వడ్డించింది. పప్పు అడుగున బొగ్గు, పైన పలుకు. అన్నం పారేయడం నా వల్ల కాదు. పెద్ద ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అప్పుడే లలిత లేచి నిలబడింది.

“నేను ఇక్కడికి వస్తూనే ఉంటాను. నెలకో ఆదివారం మా నాయనమ్మ వచ్చి మనకు వంట నేర్పుతుంది. ఎవరికైనా అభ్యంతరమా?”

మూడుసార్లు అడిగింది. నా దవడలు ఆడుతూనే ఉన్నాయి.

“ఖాయమైపోయింది మామ్మగారూ” అన్నాడొకడు.

సాయంత్రం బస్సులో మళ్లీ ఆ కూలీ ఆమే.

“పిల్లేది పెద్దమ్మా?”

“జడ ఉంది. పిల్ల రానంది.”

“మరి నువ్వేం జెప్పకపోతివా?”

“నోట్లో ముద్ద ఉంది.”

దిగేదాకా నవ్వుతూనే ఉంది.

మొత్తానికి అక్కడి పిల్లలు మంచివాళ్లే. ఎవరి కంచం వాళ్లు కడుక్కుంటారు, ఒకరి మాటకు ఒకరు అడ్డురారు, పప్పు వండటమొక్కటే చేతకాదు. ఇక ఆ ముద్ద సంగతి లలితకు చెప్పలేదు గానీ, మూడోసారి అడిగేసరికి మింగేశాను. ఉత్త దవడలే ఆడించాను.