మరమగ్గం కింద దేవకమ్మ పేరు

మునిశేఖర్ ఎక్కడ గుడ్డ కనిపించినా దాని అంచు తిప్పి బొటనవేలితో తడుముతాడు. హోటల్లో బల్ల మీద పరిచిన గుడ్డ. బస్సు కిటికీ తెర. పెళ్ళిలో పక్కన కూర్చున్నవాళ్ళ కండువా. ఏమీ అడగడు. తడిమి వదిలేస్తాడు. ఒకసారి పరిశోధన గైడు యోగానంద గారి భుజం మీది శాలువాను తడుముతుంటే ఆయన పక్కకు జరిగి, "ఏమప్పా, కొంటావా?" అన్నారు.

ఆ వేలికి తెలిసింది చిన్న విషయం. చేతిమగ్గం మీద గుడ్డ ముడుచుకుపోకుండా రెండు అంచులకూ సూదుల బద్ద గుచ్చి నిలబెడతారు. నేత సాగేకొద్దీ బద్దను తీసి ముందుకు గుచ్చుతారు. సూదుల గుర్తులు అంచున మిగులుతాయి. చేత్తో గుచ్చినవి కాబట్టి వాటి మధ్య ఎడం సమంగా ఉండదు. మరమగ్గం గుడ్డకూ గుర్తులుంటాయి. అవి గీత గీసినట్టు పోతాయి. నగరిలో నేతవాళ్ళ ఇంట్లో పుట్టినవాడికి ఇది ఎవరూ నేర్పరు.

అతనికి నలభై రెండేళ్ళు. పుత్తూరు దగ్గర ఒక ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెబుతాడు. తండ్రి గురప్పకు ఇంటి వెనక రేకుల షెడ్డులో నాలుగు మరమగ్గాలున్నాయి. ఆ చప్పుడులో చదివి పెరిగాడు కాబట్టి క్లాసులో ఇప్పటికీ గట్టిగా మాట్లాడతాడు. కాలేజీ లేని రోజుల్లో తిరుపతికి పోయి పీహెచ్‌డీ చేస్తున్నాడు. ఏడేళ్ళయింది. ఇచ్చిన గడువులన్నీ అయిపోయాయి. వచ్చే సోమవారం లోపల థీసిస్ ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు.

అతని పరిశోధనలో రెండు భాగాలు. చేనేత గురించి వెబ్‌లో చెల్లాచెదురుగా పడి ఉన్న సమాచారాన్ని ఒక చెట్టులా అమర్చడం మొదటిది. ఏది దేని రకం, ఏది దేనిలో భాగం, ఎవరు దేన్ని నేస్తారు అన్నవి నియమాలుగా రాస్తే, కంప్యూటరు తనంతట తానే తర్కించి ఏది ఏ కొమ్మకు చెందుతుందో చెబుతుంది. నాలుగేళ్ళు పట్టింది. మాటలన్నీ తెలుగులోనే పెట్టాడు. అందులో అతనికి ఇష్టమైన నియమం ఒకటుంది. నెలకు పన్నెండు చీరలకు మించి నేసేది ఏదైనా మరమగ్గమే. దొంగ చేనేతను పట్టుకోవడానికి దాన్ని రాశాడు. దాని మీద ఒక పత్రం అచ్చయింది కూడా.

రెండోది బ్లాక్‌చెయిన్. ఒక పుస్తకానికి వేల నకళ్ళు వేల చోట్ల ఉన్నాయనుకోవాలి. ఒక వరుస రాస్తే అన్నిటిలోనూ పడుతుంది. దాన్ని ఎవరూ చెరపలేరు, రాసినవాడు కూడా. కావాలంటే కింద ఇంకో వరుస రాయవచ్చు. నేసిన ప్రతి చీరా నేసినవాళ్ళ పేరుతో ఆ పుస్తకంలోకి ఎక్కితే, కొనేవాడు ఫోనులో చూసుకుని నమ్ముతాడు. ఇదీ అతని ప్రతిపాదన.

దానికి చేత్తో నేసే మనిషి కావాలి. రెండు వీధుల అవతల ఉండే దేవకమ్మ ఒప్పుకుంది. ఆమెకు అరవై దాటాయి. గుంటమగ్గం మీద మూడు రోజులకొక నూలు చీర నేస్తుంది. పండగలూ నలతలూ పోను నెలకు ఎనిమిది. గురప్పను అన్నా అంటుంది కాబట్టి మునిశేఖర్‌కు అత్త. ఆమె సంతకానికి బదులుగా పనిచేసే రహస్య సంఖ్యను అతను ఒక చిన్న కార్డు మీద నల్ల గళ్ళ గుర్తుగా అచ్చు వేయించి ఇచ్చాడు. ఎవరికీ ఇవ్వకూడదని చెప్పాడు. ఆమె దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి అతని చేతిలోనే పెట్టింది.

"నీకాడే ఉండనీ శేఖరా. నేను యాడన్నా పోగొడతా."

నెల తర్వాత పుస్తకంలో ఎనిమిది చీరలున్నాయి. యోగానంద గారు చూశారు.

"ఎనిమిది చీరలకి బ్లాక్‌చెయిన్ ఎందుకప్పా? నోటుబుక్కు చాలదా? నూరైనా ఉండాల."

ఆ ఆదివారం నగరిలో కరెంటు లేదు. షెడ్డులో మగ్గాలు ఆగి ఉన్నాయి. గురప్ప పాకాలలో ఎవరో పోతే చూడటానికి వెళ్ళాడు. గోడ వెంబడి చీరలు దొంతర్లుగా ఉన్నాయి. మునిశేఖర్ నేల మీద కూర్చుని ఒక్కొక్క చీరా తీసి ఫోటో పట్టి, దేవకమ్మ కార్డు చూపించి, ఆమె పేరుతో పుస్తకంలో ఎక్కించాడు. నూటపన్నెండు. ప్రతి చీర అంచూ ముందు బొటనవేలితో తడిమాడు. అలవాటు. ఆ తర్వాతే పేరు వేశాడు.

పరీక్ష కోసం వేసే సమాచారమే కదా అనుకున్నాడు.

థీసిస్ ఇచ్చే ముందు పదిమంది ఎదుట చూపించాలి. శుక్రవారం అని పెట్టారు. దేవకమ్మను పిలిచి సత్కరిద్దామని యోగానంద గారే అన్నారు. తిరుపతిలో బట్టల అంగడి పెట్టుకుని ఇరవై ఏళ్ళుగా ఆమె చీరలు కొంటున్న జయచంద్రనూ పిలిచారు. ముందురోజు సాయంత్రం యోగానంద గారు ఫోన్ చేసి, "రెండు సగాలూ కలిపి చూపించు, విడివిడిగా అయితే సగం పనే అంటారు" అన్నారు. శుక్రవారం ఉదయం మునిశేఖర్ చెట్టునూ పుస్తకాన్నీ కలిపాడు. తెరిచి చూసుకునేలోపలే పిలిచారు.

దేవకమ్మకు శాలువా కప్పారు. ఆమె వేదిక మీదే నిలబడి ఉంది. మునిశేఖర్ గట్టి గొంతుతో చెబుతూ మీట నొక్కాడు. వెనక తెర మీద చెట్టు విచ్చుకుంది. మగ్గాలు. దాని కింద రెండు కొమ్మలు, చేతిమగ్గం, మరమగ్గం. చేతిమగ్గం కొమ్మ ఖాళీగా ఉంది. మరమగ్గం కింద ఒకే పేరు ఉంది. దేవకమ్మ, నగరి, నెలకు 120.

వెనక వరుసల్లో నవ్వు మొదలైంది. తెలుగులో ఉంది కాబట్టి ఆమె కూడబలుక్కుని చదివింది. చదివి, మళ్ళీ చదివింది.

"ఏమ్మా దేవకమ్మా," ముందు వరుసలోంచి జయచంద్ర నవ్వుతూనే అడిగాడు, "నాకు నెలకి ఎనిమిదే అంటా ఉంటివే. మిగతావి ఏ అంగడికి పోతాండాయి?"

ఆమె తెర వైపే చూస్తోంది. అతని నవ్వు కొంచెం కొంచెంగా ఆగిపోయింది.

"ఇరవై ఏండ్లుగా చేతి గుడ్డ అని చెప్పి అమ్ముతాండాను నేను. ఈ నెల సరుకు ఆపు తల్లీ. కొంచెం విచారించుకోవల్ల."

అప్పుడు మునిశేఖర్ మైకు దగ్గరికి జరిగి, "చిన్న సాంకేతిక లోపం సార్, మిషన్ తప్పు చూపిస్తోంది" అన్నాడు.

చెట్టు సరిగానే పనిచేసింది. ఏడేళ్ళలో అతను చేసిన వాటిల్లో సరిగా పనిచేసింది అదొక్కటే.

ఇద్దరూ మధ్యాహ్నం నగరి బస్సెక్కారు. దేవకమ్మ కిటికీ పక్కన కూర్చుంది. శాలువా మడిచి ఒళ్ళో పెట్టుకుంది. రేణిగుంట దాటింది. మునిశేఖర్ వేలు తనకు తెలియకుండానే శాలువా అంచు మీదికి పోయింది.

"సూడు, సూడు," అంది ఆమె కిటికీలోంచి బయటికి చూస్తూనే. "అదీ మిషన్దే. కప్పేటప్పుడే సూసినా."

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. వడమాలపేట వచ్చింది, పోయింది.

"అత్తా, మిషన్ తప్పేం లేదు."

"తెలుసు."

"ఎట్ల తెలుసు?"

"మిషన్దే తప్పయితే నువ్వు నా మొగం సూసి మాట్లాడి ఉందువు."

అతను చెప్పాడు. ఆదివారం, షెడ్డు, కార్డు. ఆమె ఎన్ని అని అడిగింది. నూటపన్నెండు అన్నాడు. ఎవరు నేసినవి అని అడిగింది. మా నాయన మగ్గాలు అన్నాడు.

"గురప్పన్నని కూలికి పెట్టుకున్న్యానా నేను? నాకే తెలీకపాయనే." ఆమె నవ్వింది. ఆ నవ్వు అతనికి జయచంద్ర మాటకంటే ఎక్కువ తగిలింది. "సరే, తుడిచెయ్."

"తుడిచేకి కాదత్తా. తుడవలేకుండా ఉండేదే దాని గొప్ప."

"గొప్పా?" ఆమె ఇప్పుడు అతని వైపు తిరిగింది. "నేసేటప్పుడు తప్పు పడితే పేక ఊడదీసి మళ్ళా నేస్తాము. ఊడదీసేకి రానిదాన్ని యాల కనుక్కొనిరి మీరంతా?"

పుత్తూరులో బస్సు ఆగింది. కట్టు కట్టించుకున్న చేతిని ఇంకో చేత్తో పట్టుకుని ఒకాయన ఎక్కాడు. దేవకమ్మ జరిగి చోటిచ్చింది. తర్వాత మునిశేఖర్ ముందు అరచెయ్యి చాపింది.

"నా కార్డు."

పర్సులో అతని కాలేజీ కార్డు వెనకే ఉంది. తీసి ఇచ్చాడు. ఆమె దాన్ని కొంగున ముడి వేసుకుంది. నగరిలో దిగి, అతని కోసం ఆగకుండా నడిచి వెళ్ళిపోయింది.

ఇంటికి చేరేసరికి యోగానంద గారి ఫోన్.

"ఎందుకప్పా అంత దిగులు? రూల్లో పన్నెండు ఉండేచోట నూటయాభై పెట్టు. ఆమె పేరు దాని చోటికి అదే వస్తుంది. సోమవారం ఇచ్చేయ్. ఎవురు సూస్తారు?"

మునిశేఖర్ లాప్‌టాప్ తెరిచాడు. పన్నెండు తీసి నూటయాభై పెట్టాడు. దేవకమ్మ చేతిమగ్గం కిందికి వచ్చింది. రెప్పపాటు కూడా పట్టలేదు. ఆమె వెనకే ఇంకో నాలుగు పేర్లు వచ్చాయి. చెట్టు సరిగా ఉందో లేదో చూసుకోవడానికి ఎప్పుడో తండ్రి మగ్గాలను అందులో రాసిపెట్టాడు. సభలో పుస్తకానికెక్కిన పేర్లనే చూపించాడు కాబట్టి అప్పుడవి కనిపించలేదు. ఒక్కొక్కటి నెలకు తొంభై నేస్తుంది. గురప్ప ఒకటో మగ్గం, రెండు, మూడు, నాలుగు. అన్నీ ఇప్పుడు చేతిమగ్గాలు.

గురప్ప షెడ్డులోంచి వచ్చి భుజం మీదుగా తొంగి చూశాడు.

"ఇదేందిరా, నా మగ్గాలకి చేతులు మొలిచినాయే!"

మునిశేఖర్‌కు నవ్వు రాలేదు. రెండోసారి అదంతా చెప్పాడు. బస్సులో చెప్పినదాని కంటే కష్టమైంది. గురప్ప గుమ్మం మీద కూర్చుని విన్నాడు. షెడ్డులో మగ్గాలు ఆడుతూనే ఉన్నాయి.

"నా గుడ్డకి తండ్రి పేరు మార్చేసినావు," అన్నాడు చివరికి.

"పరీక్షకే కదా అనుకున్న్యా నాయనా."

"నిన్ను సదివించింది ఆ గుడ్డే. అది మిషన్ గుడ్డ అని నేను ఏనాడన్నా దాచినానా? దేవకిని దొంగను చేసినావు. నన్ను అసలు లేకుండానే చేసినావు." కళ్ళద్దాల కోసం జేబు తడుముకున్నాడు. "ఆ ఫోటోలు తీ."

మునిశేఖర్ నూటయాభై తీసి మళ్ళీ పన్నెండు పెట్టాడు. దేవకమ్మ పేరు తిరిగి మరమగ్గం కిందికి పోయింది. అది అక్కడ ఉండగానే ఫోను తండ్రికి ఇచ్చాడు. గురప్ప కళ్ళద్దాలు పెట్టుకుని ఫోటోలు ఒక్కొక్కటిగా చూశాడు. రెండో మగ్గం ఎడమ అంచు లాగుతుంది. నాలుగోదానికి పడుగును విడదీసే అచ్చు కొత్తది, పోగుల ఎడం దగ్గర. ఏ చీర ఏ మగ్గానిదో ఆయన చెబుతూ పోయాడు. కొడుకు కాగితం మీద రాసుకున్నాడు. అన్నాల వేళకు అయిపోయాయి.

మర్నాడు పొద్దున మునిశేఖర్ ముందు జయచంద్రకు ఫోన్ చేశాడు. అతను విని, "నోటితో చెప్తే ఎట్ల నమ్మేది? రాసింది సూపించు" అన్నాడు. యోగానంద గారికి జరిగింది నాలుగు వాక్యాల్లో రాసి పంపాడు. సోమవారం థీసిస్ ఇవ్వలేనని ఐదో వాక్యం. జవాబు రాలేదు. కాగితం పట్టుకుని రెండు వీధులు నడిచాడు.

దేవకమ్మ గుంటలో దిగి నేస్తోంది. అతను గడప బయటే నిలబడ్డాడు.

"అత్తా, నీ కార్డు కావల్ల."

"మళ్ళానా?"

"కింద వరుస రాసేకి."

"ఏమని?"

అతను చదివాడు. ఈ చీర దేవకమ్మ నేసింది కాదు. నగరి గురప్ప రెండో మరమగ్గం మీద నేసింది. ఆమె కార్డు నా దగ్గర పెట్టుకుని, ఆమెకు తెలియకుండా ఆమె పేరు వేసినవాణ్ణి నేను, మునిశేఖర్.

అటూ ఇటూ పోగు లాగే నాడె ఆగింది.

"అన్నిటికీనా?"

"అన్నిటికీ. ఒక్కొక్కటే రాయల్ల."

"లోపలికి రా. కార్డు నా చేతిలోనే ఉంటాది. ప్రతిదీ పైకి సదువు."

అతను గుంట పక్కన నేల మీద కూర్చున్నాడు. అతను చదివేవాడు. ఆమె నాడె ఆపి, కార్డు ఫోను ముందు పట్టుకునేది. ఫోను చిన్నగా మోగేది. ఆమె మళ్ళీ నాలుగు పోగులు వేసేది. మగ్గం మీది చీర దాదాపు కదలలేదు. పదో చీర దగ్గర పక్కింటామె వచ్చి గుమ్మంలో నిలబడింది. తర్వాత ఇంకో ఇద్దరు. ఇరవయ్యోది చదివేటప్పటికి వాకిలి నిండింది. అతని గొంతు తగ్గిపోయింది.

"గట్టిగా సదువు శేఖరా," అంది దేవకమ్మ కార్డు పట్టుకునే. "కాలేజీలో ఇట్లనే సదవతావా?"

ఇరవయ్యోది మళ్ళీ మొదటినుంచి చదివాడు.